గోరంత ఫాస్ఫేటుకు కొండంత ప్రోటీను: అగరోజ్ పూసలతో ఒక ఏడాది

ఈ సమీక్షలోని వస్తువు బజారులో ఒకే డబ్బాలో దొరికేది కాదు. రెండు వేర్వేరు చోట్ల కొని, మన బల్లమీద మనమే కలుపుకోవలసిన సరుకు ఇది. మొదటిది, ప్రోటీన్లను తమకు అంటించుకోవడానికి సిద్ధంగా ఉండే అగరోజ్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ లాంటి పదార్థం) పూసలు. రెండోది, నీటిలో ఎన్ని లవణాలు కలిసి ఉన్నా ఫాస్ఫేటునే వెతికి పట్టుకునే ప్రోటీను. ఆర్డరిస్తే తయారుచేసి పంపే సంస్థలు దీన్ని అమ్ముతాయి. రెండూ కలిశాక, నీళ్లు పోస్తే ఫాస్ఫేటును ఉంచుకుని మిగిలినదంతా వదిలేసే, ఆ తరువాత క్షారం పోస్తే పట్టుకున్నదాన్ని తిరిగి ఇచ్చేసే ఒక చిన్న కాలమ్, అంటే పూసలు నింపిన గొట్టం, తయారవుతుంది. కంపెనీల పేర్లు రాయడం లేదు. ఈ తరహా పూసలను చాలామంది అమ్ముతున్నారు, కనుక ఇక్కడ చెప్పే గుణదోషాలను ఆ తరహా సరుకంతటికీ వర్తింపజేసుకోవచ్చు.

నేను హైదరాబాదులో నీటి పరీక్షలు చేసే ఒక చిన్న ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. చెరువుల నీళ్లు, బోరు నీళ్లు, అపార్ట్‌మెంట్ల మురుగు శుద్ధి ప్లాంట్ల నుంచి బయటికి వచ్చే నీళ్లు మా దగ్గరికి వస్తాయి. వాటిలో భాస్వరం (నీటిలో ఇది ఎక్కువగా ఫాస్ఫేటు రూపంలో ఉంటుంది) ఎంత ఉందో చెప్పడం మా రోజువారీ పనుల్లో ఒకటి. చెరువులను ముంచుతున్నది మురుగు వాసనకంటే ఎక్కువగా ఈ భాస్వరమేనని కొత్తగా చెప్పవలసిన పని లేదు. 1973లో కెనడాలోని 226వ నంబరు ప్రయోగ సరస్సును మధ్యలో తెర కట్టి రెండుగా విడదీశారు. ఒక సగంలో కార్బన్, నత్రజని మాత్రమే కలిపారు. రెండో సగంలో వాటితోపాటు ఫాస్ఫేటు కూడా కలిపారు. ఫాస్ఫేటు పడిన సగమే పచ్చగా నాచు పట్టింది. విమానం నుంచి తీసిన ఆ ఫొటోను ఒకసారి చూసినవారు మరిచిపోలేరు. మన దగ్గర గుర్రపుడెక్క కమ్మేసిన ఏ చెరువు గట్టున నిలబడినా అదే పాఠం కనిపిస్తుంది, తెర మాత్రమే ఉండదు.

భాస్వరాన్ని నీటి నుంచి తీయడానికి పాత పద్ధతులు లేకపోలేదు. పటిక గానీ ఫెర్రిక్ క్లోరైడు గానీ వేస్తే ఫాస్ఫేటు దానితో కలిసి అడుగున బురదగా కూర్చుంటుంది. పద్ధతి చవక, పని ఖాయం. అయితే అల్యూమినియంతోనో ఇనుముతోనో ముడిపడిన ఆ భాస్వరాన్ని తిరిగి విడదీయడం కష్టం కాబట్టి, పొలానికి పనికిరావలసిన ఎరువు చాలాచోట్ల బురదతోపాటు గుంతలోకి పోతుంది. ప్రపంచంలోని ఫాస్ఫేటు రాతి నిల్వల్లో సుమారు 70 శాతం మొరాకో, పశ్చిమ సహారా ప్రాంతంలోనే ఉన్నాయి. మన దేశం తనకు కావలసిన రాతి ఫాస్ఫేటులో అధికభాగాన్ని దిగుమతి చేసుకుంటుంది. ఓడల్లో తెచ్చుకున్నదాన్ని కాలువల్లో వదిలి, బురదలో పూడ్చడం తెలివైన బేరం కాదు. తీయడమే కాకుండా తిరిగి చేతికి అందేలా తీయడం ఎలాగన్న ప్రశ్న అక్కడ పుట్టింది, ప్రోటీను పూసల ఆలోచన ఆ ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో ఒకటి.

ఆ ప్రోటీను గురించి కాస్త తీరికగా చెప్పాలి, ఎందుకంటే ఈ సరుకులో నిజంగా డబ్బు పెట్టి కొనదగినది అదే. ఈ.కోలై అనే బ్యాక్టీరియా తన రెండు పొరల మధ్య ఖాళీలో దీన్ని కాపలా ఉంచుతుంది. చుట్టూ ఫాస్ఫేటు కరువైనప్పుడు ఈ ప్రోటీనును విరివిగా తయారుచేసి, దొరికిన ప్రతి ఫాస్ఫేటు అణువునూ పట్టి లోపలికి చేరవేయడానికి వాడుకుంటుంది. శాస్త్రజ్ఞులు దీన్ని పీఎస్‌టీఎస్ అంటారు. ఆకారంలో ఇది ఆల్చిప్పను పోలి ఉంటుంది: రెండు తమ్మెలు, మధ్యలో కీలు, ఫాస్ఫేటు లోపలికి వచ్చిన క్షణాన రెండు తమ్మెలూ మూసుకుంటాయి. 1990లో లూకే, కియోచో అనే ఇద్దరు ఈ మూసుకున్న రూపాన్ని ఎక్స్‌రేలతో చూసి, లోపలి ఫాస్ఫేటును పన్నెండు హైడ్రోజన్ బంధాలు పట్టి ఉంచుతున్నాయని చూపించారు. వాటిలో పదకొండింటికి హైడ్రోజన్‌ను ఇచ్చేది ప్రోటీను. మిగిలిన ఒక్కదానికి ఇవ్వవలసింది ఫాస్ఫేటే, పుచ్చుకునేది ప్రోటీనులోని 56వ స్థానంలో ఉన్న ఆస్పార్టేటు అనే అమైనో ఆమ్లం.

కిటుకంతా ఆ ఒక్క బంధంలో ఉంది. మామూలు నీటి పీహెచ్ దగ్గర ఫాస్ఫేటుకు ఇవ్వడానికి ఒకటో రెండో హైడ్రోజన్లు ఉంటాయి. రూపంలో దాదాపు కవలలా ఉండే సల్ఫేటుకు ఒక్కటీ ఉండదు. చేతిలో హైడ్రోజన్ లేకుండా వచ్చిన సల్ఫేటును రుణావేశం ఉన్న ఆస్పార్టేటు బయటికే నెట్టేస్తుంది. అందుకే సల్ఫేటు ఎక్కువగా ఉండే బోరు నీళ్లలో కూడా ఈ ప్రోటీను పొరబడదు. పట్టుకున్నదాన్ని వదిలించే దారి కూడా ఇక్కడి నుంచే దొరుకుతుంది: పీహెచ్‌ను 12 దాటిస్తే ఫాస్ఫేటు తన చివరి హైడ్రోజన్‌ను కూడా పోగొట్టుకోవడం మొదలుపెడుతుంది, అప్పటిదాకా ఆహ్వానించిన గుమ్మమే దాన్ని బయటికి పంపుతుంది. పట్టడానికీ వదలడానికీ ఒకే కీలకం ఉండటం నాకు ఈ ప్రోటీనులో అన్నిటికంటే నచ్చిన సంగతి.

ఆర్సెనిక్ విషం నీటిలో ఉండే రూపాల్లో ఒకటైన ఆర్సెనేట్ విషయం మరీ ఆసక్తికరం. అది ఫాస్ఫేటుకు నిజంగానే కవల. దానికీ అదే పీహెచ్ దగ్గర హైడ్రోజన్ ఉంటుంది. ఇనుము ఆక్సైడు పూసిన రెసిన్లు (నీటిశుద్ధిలో వాడే గట్టి కృత్రిమ పూసలు) ఈ రెండింటినీ ఒకే చేత్తో పడతాయి. ఫాస్ఫేటు ప్రోటీన్లు మాత్రం ఆర్సెనేట్ కంటే ఫాస్ఫేటును కనీసం అయిదు వందల రెట్లు ఎక్కువగా కోరుకుంటాయని 2012లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు తేల్చారు. కాలిఫోర్నియాలోని మోనో సరస్సులో దొరికిన ఒక బ్యాక్టీరియా భాస్వరానికి బదులు ఆర్సెనిక్‌తో బతుకుతుందని 2010లో వచ్చిన సంచలన వార్త కొందరికి గుర్తుండవచ్చు. ఆ బ్యాక్టీరియా దగ్గర ఉన్న ప్రోటీనే అందరికంటే కచ్చితంగా ఫాస్ఫేటును ఏరుకుంటుందని ఈ పరీక్షలోనే బయటపడింది. ఆ పాత వ్యాసాన్ని సైన్స్ పత్రిక 2025లో ఉపసంహరించింది. ఎరువు కోసం తిరిగి తీస్తున్న ఫాస్ఫేటులో ఆర్సెనిక్ కలిసి రాకూడదు కదా. ప్రోటీనుకు ఇనుముకంటే ఎక్కువ మార్కులు పడే చోటు ఇది.

దీన్ని పూసలకు అంటించి నీటిశుద్ధికి వాడవచ్చా అని జపాన్‌లో అకియో కురోడా బృందం 2000లోనే పరీక్షించింది. ఆ తరువాత అమెరికాలో మిల్వాకీ నగరంలోని మార్కెట్ (Marquette) విశ్వవిద్యాలయంలో బ్రూక్ మేయర్ బృందం 2018 నుంచి ఈ పనిని పట్టుగా చేసి, పూసలకు బిగించిన ప్రోటీను ఫాస్ఫేటును పట్టగలదనీ, ఎక్కువ పీహెచ్ దగ్గర వదలగలదనీ, అవే పూసలను మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చనీ చూపింది. వారు వాడినది సెఫరోజ్ అనే అగరోజ్ పూసలు, వాటిపైన ఎన్‌హెచ్‌ఎస్ అనే చురుకైన గుంపు, అంటే ప్రోటీనును అతికించుకునే రసాయన కొక్కెం. నేను కొన్నదీ ఆ తరహా సరుకే.

పూసలు 25 మిల్లీలీటర్ల సీసాలో, ఐసోప్రొపనాల్‌లో మునిగి వచ్చాయి. సీసా ధర మా రెండు గదుల ఇంటి నెల అద్దెను మించింది. కంటికి అవి పూసల్లా కనిపించవు; నానబెట్టిన సగ్గుబియ్యాన్ని మెత్తగా రుబ్బినట్టు తెల్లటి ముద్దగా ఉంటాయి. ఒక్కో పూస మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. వీటితో పని మొదలుపెట్టాక మధ్యలో ఆగడానికి వీలు లేదు. ఐసోప్రొపనాల్ వంపేసిన దగ్గర నుంచి ఆ చురుకైన గుంపు నీటితో తనంతట తానే చచ్చిపోవడం మొదలుపెడుతుంది కాబట్టి, మంచులో చల్లబరిచిన పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో గబగబా కడిగి, వెంటనే పీహెచ్‌ను 8.3 దగ్గర నిలకడగా ఉంచే బైకార్బొనేట్ బఫర్‌లో కరిగించిన ప్రోటీనులో వేసి, నెమ్మదిగా తిప్పుతూ ఉంచాలి. ప్రోటీను మీద ఉన్న లైసిన్ అనే అమైనో ఆమ్లపు గుంపులు పూసకు అతుక్కుంటాయి. మిగిలిపోయిన చురుకైన చోట్లను ఇథనోలమైన్‌తో మూసేయాలి. ఒకరోజు పని. చేయి తిరిగినవారికి కష్టమేమీ కాదు, కొత్తవారు మాత్రం ఒకసారి తక్కువ పూసలతో చేసి చూసుకోవడం మంచిది.

నా మొదటి ప్రయత్నం పూర్తిగా పాడైంది. ప్రోటీను తయారుచేసి ఇచ్చే ఒక సంస్థకు ఆర్డరిచ్చాను. వారు తమ అలవాటు ప్రకారం దాన్ని ఫాస్ఫేటు బఫర్‌లో పోసి పంపారు. ఫాస్ఫేటును వెతికి పట్టుకోవడమే పనిగా ఉన్న ప్రోటీనును ఫాస్ఫేటులోనే ముంచి పంపడం అంటే, ఉపవాసం ఉండవలసినవాడికి కడుపునిండా విందు పెట్టి గుడికి పంపినట్టు. ఫోన్ చేసి చెబితే అవతలివారు మర్యాదగానే విని, రెండోసారి ట్రిస్ బఫర్‌లో పంపారు. ఇక్కడ తప్పు నాదే. ట్రిస్‌లో కూడా, లైసిన్‌లో ఉన్నట్టే, పూసకు అతుక్కునే అమైన్ గుంపు ఉంటుందనీ, పూసల మీద చురుకైన చోట్లన్నిటినీ ప్రోటీను కంటే ముందు అదే ఆక్రమిస్తుందనీ తెలిసి కూడా సీసా మీద చిన్న అక్షరాలు చదవలేదు. పది మిల్లీలీటర్ల పూసలు ట్రిస్‌తో నిండిపోయాయి. మూడోసారి ఒక రాత్రంతా డయాలిసిస్ చేసి (సన్నటి పొర గుండా లవణాలు మారేలా ఉంచి) బైకార్బొనేట్‌లోకి మార్చాకే మొదలుపెట్టాను. ఆర్డరిచ్చేటప్పుడు బఫర్ పేరు రాతపూర్వకంగా అడగండి. ఫాస్ఫేటూ వద్దు, ట్రిసూ వద్దు అని స్పష్టంగా రాయండి.

ఇంకో సంగతి ఏ కరపత్రంలోనూ ముందు పేజీలో రాయరు. బ్యాక్టీరియాలో తయారైన ఈ ప్రోటీను ఖాళీ చేతులతో రాదు, చాలావరకు ఫాస్ఫేటును పట్టుకునే వస్తుంది. కాబట్టి పూసలకు అంటించాక మొదట క్షారంతో కడిగి, నోరు ఖాళీ చేయించాలి. ఆ మొదటి కడుగు నీటిని కూడా పరీక్షించాను, నీలంగా వచ్చింది. అదే ప్రోటీను బతికే ఉందనడానికి నాకు దొరికిన మొదటి రుజువు.

నీలం అన్నాను కనుక పరీక్ష గురించి ఒక మాట. నీటిలో ఫాస్ఫేటును కొలవడానికి 1962లో మర్ఫీ, రైలీ చెప్పిన పద్ధతినే నేటికీ వాడుతున్నాం: ఆమ్లంలో మాలిబ్డేట్, కాస్త యాంటిమొనీ, ఆస్కార్బిక్ ఆమ్లం. ఫాస్ఫేటు ఉంటే పది నిమిషాల్లో నీలం తిరుగుతుంది, ఎక్కువ ఉంటే ముదురు నీలం. గాజు సామాను మామూలు డిటర్జెంటుతో కడిగితే పరీక్ష మొత్తం గల్లంతవుతుంది, ఎందుకంటే కొన్ని డిటర్జెంట్లలోనే ఫాస్ఫేటు ఉంటుంది. మా దగ్గర ఈ పనికి వాడే గాజును ఆమ్లంతో కడిగి, వేరే బీరువాలో పెడతాం.

కాలమ్ పనిచేసిన రోజున బల్లమీద మూడు టెస్ట్‌ట్యూబులు ఉన్నాయి. మొదటిదానిలో నగరం అంచున ఉన్న ఒక చెరువు నుంచి తెచ్చి, సన్నటి వడపోత కాగితం గుండా వడగట్టిన నీళ్లు. రెండోదానిలో అవే నీళ్లు కాలమ్ గుండా కిందికి దిగాక. మూడోదానిలో కాలమ్‌లోకి పీహెచ్ 12.5 ఉన్న కాస్టిక్ సోడా ద్రావణం పోస్తే కిందికి వచ్చినది. మూడిటిలోనూ సమానంగా పరీక్ష మందు పోసి పది నిమిషాలు వేచి చూశాను. మొదటిది లేత నీలం, రెండోది మంచినీళ్లలా తెలుపు. మూడోది కూడా తెల్లగానే ఉండటంతో గుండె జారింది. క్షణం తరువాత వెలిగింది: మాలిబ్డేట్ పరీక్షకు ఆమ్లం కావాలి, నేను క్షారాన్ని తటస్థం చేయకుండానే మందు కలిపేశాను. మరో ట్యూబులో చుక్క చుక్కగా ఆమ్లం కలిపి, తిరిగి మందు పోస్తే, సిరా పోసినట్టు నీలం వచ్చింది. చెరువు నీటికంటే ఎన్నో రెట్లు ముదురుగా ఉంది, ఎందుకంటే పెద్ద పాత్రెడు నీటిలో పలుచగా పరుచుకుని ఉన్న ఫాస్ఫేటు ఇప్పుడు కొద్ది మిల్లీలీటర్లలోకి వచ్చి చేరింది.

తిరిగి వచ్చినదాన్ని ఘనరూపంలోకి తీసుకురావచ్చా అని చూడటానికి దానిలో సున్నపు తేట కలిపాను. తెల్లగా మబ్బు పట్టింది. అయితే సున్నపు తేట గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కూడా తెల్లబడుతుంది, కనుక ఆ మబ్బును చూసి ఫాస్ఫేటు దొరికిందని చెప్పుకోవడం మోసం అవుతుంది. అడుగున కూర్చున్న పొడిని తీసి, కడిగి, ఆమ్లంలో కరిగించి మళ్ళీ పరీక్షించాక నీలం వచ్చింది. కాల్షియం ఫాస్ఫేటు దొరికింది, నిజమే. గోటి కొనమీద కనబడీ కనబడనంత.

ఇక్కడి నుంచి సమీక్ష రుచి మారుతుంది. ఈ ప్రోటీను బరువు సుమారు 35,000 డాల్టన్లు (అణువుల బరువును కొలిచే ప్రమాణం). అది పట్టుకునేది ఒక్క ఫాస్ఫేటును, అందులో భాస్వరం బరువు 31 డాల్టన్లు. అంటే ఒక కిలో ప్రోటీను, ప్రతి అణువూ సక్రమంగా పనిచేసినా, ఒక విడతలో పట్టగలిగిన భాస్వరం గ్రాము కూడా ఉండదు, 0.89 గ్రాములు మాత్రమే. పూసల మీద లెక్క ఇంకా చిన్నది. ఒక మిల్లీలీటరు పూసలకు పది మిల్లీగ్రాముల ప్రోటీను అంటిందనుకుంటే, అవి పట్టేది సుమారు 9 మైక్రోగ్రాముల భాస్వరం. అంటిన ప్రోటీనంతా కూడా పనిచేయదు. లైసిన్లు ఎక్కడ దొరికితే అక్కడ అతుక్కోవడం వల్ల కొన్ని ఆల్చిప్పలు నోరు పూస వైపు పెట్టుకుని కూర్చుంటాయి. గోరంత ఫాస్ఫేటుకు కొండంత ప్రోటీను అని మా సహోద్యోగి ఒకరు అన్న మాటనే శీర్షికగా పెట్టుకున్నాను.

ఈ లెక్కను ఒక అపార్ట్‌మెంట్ల సముదాయానికి అన్వయించి చూద్దాం. రోజుకు పది లక్షల లీటర్ల నీరు బయటికి వస్తుందనీ, అందులో లీటరుకు 1 మిల్లీగ్రాము భాస్వరం తీయవలసి ఉందనీ అనుకుందాం. ఇది ఊహాలెక్కే అయినా గాలిలోంచి తీసిన అంకె కాదు. చెరువుల్లోకి వదిలే శుద్ధి చేసిన మురుగునీటికి 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పిన హద్దు కూడా లీటరుకు 1 మిల్లీగ్రాము భాస్వరమే. రోజుకు తీయవలసింది ఒక కిలో. ఒకే విడతలో తీయాలంటే టన్నుకు పైగా ప్రోటీను కావాలి. గంటకొకసారి పట్టించి, వదిలించి, రోజుకు 24 విడతలు నడిపితే సుమారు 47 కిలోలు సరిపోతుంది. మిల్లీలీటరుకు పది మిల్లీగ్రాముల చొప్పున ఆ 47 కిలోలను మోయడానికి 4,700 లీటర్ల పూసలు కావాలి. నేను కొన్న 25 మిల్లీలీటర్ల సీసాలైతే ఒక లక్షా 88 వేలు. అద్దె సంగతి ఇంతకుముందే చెప్పాను.

ఇంత చేసి దొరికే సరుకు విలువ కూడా చూడాలి. 50 కిలోల డీఏపీ బస్తాలో భాస్వరం సుమారు పది కిలోలు. రాయితీ పోను రైతు దానికి చెల్లించేది 1,350 రూపాయలు. పైన చెప్పిన ప్లాంటు పది రోజులు తిరిగితే ఒక బస్తా. భీమవరం దగ్గర చేపల చెరువులున్న మా బంధువు ఒకాయనకు ఈ సంగతి చెబితే, చెరువులో పచ్చదనం రావడానికి తాము సూపర్ ఫాస్ఫేటు బస్తాలు పోస్తుంటే నువ్వు చెంచాతో తోడుతున్నావా బాబూ అని నవ్వారు. ఆయన నవ్వులో న్యాయం ఉంది.

పోటీ సరుకుతో పోల్చినా ఈ దోషం దాగదు. ఇనుము ఆక్సైడు ఉన్న రెసిన్లు కిలోకు పలు గ్రాముల భాస్వరాన్ని మోస్తాయి. పూసల బరువుకు పూసల బరువు చూస్తే ప్రోటీను వందల రెట్లు వెనకబడుతుంది. ఆ రెసిన్లను నీటి ఒత్తిడితో పెద్ద తొట్టెల్లో నడపవచ్చు. అగరోజ్ పూసలు మెత్తనివి, కాస్త ఒత్తిడి పెరిగితే నలిగి దారి మూసుకుంటాయి. వడగట్టని చెరువు నీళ్లను ఒకసారి పోసి చూస్తే, అరగంటలో పైపొర పచ్చగా మారి చుక్క కిందికి దిగలేదు. మురుగు బురద ద్రవాల్లో భాస్వరం బాగా చిక్కగా ఉన్నప్పుడైతే మెగ్నీషియం వేసి స్ట్రువైట్ అనే ఎరువు స్ఫటికాలుగా దించే పద్ధతి ఇప్పటికే పెద్ద ఎత్తున నడుస్తోంది; షికాగో దగ్గరి స్టిక్నీ ప్లాంటులో 2016లో అలాంటి ఏర్పాటు మొదలైంది. చిక్కటి నీళ్ల దగ్గర ప్రోటీనుకు పని లేదు. మరో పరిమితి కూడా ఉంది: ఈ ప్రోటీను విడిగా ఉన్న ఆర్థోఫాస్ఫేటునే పడుతుంది. సేంద్రియ పదార్థాల్లో ఇరుక్కున్న భాస్వరాన్నీ, గొలుసులుగా ఉన్న పాలీఫాస్ఫేట్లనూ ముట్టుకోదు. మొత్తం భాస్వరానికి హద్దు పెట్టిన నిబంధన దగ్గర ఈ తేడా పరీక్ష తప్పేంత పెద్దది కావచ్చు.

మన వాతావరణం కూడా దీనికి చుట్టం కాదు. అగరోజ్, ప్రోటీను రెండూ సూక్ష్మజీవులకు చక్కటి భోజనం. మే నెలలో ఏసీ ఆగిన ఒక వారాంతం తరువాత కాలమ్ తెరిస్తే పుల్లటి వాసన వచ్చింది. ఫ్రిజ్‌లో, చిటికెడు సోడియం అజైడ్ కలిపిన బఫర్‌లో పెడితే నిలుస్తాయి. అజైడ్ విషం కాబట్టి తిరిగి వాడే ముందు బాగా కడగాలి, ఆ కడుగు నీటిని సింకులో పోయకూడదు. పట్టించి వదిలించే విడత జరిగినప్పుడల్లా కొన్ని పూసలు గాజుకూ గొట్టాలకూ అంటుకుని పోతాయి. పదిసార్లు దాటాక నా కాలమ్ పొట్టిదైంది, కిందికి దిగిన నీటిలో నీలం ముందుకంటే తొందరగా బయటపడసాగింది.

ఇన్ని చెప్పి కూడా ఆ పూసలను పారేయలేదు. ఎందుకంటే ఈ ప్రోటీను గొప్పతనం మోతలో లేదు, అతి పలుచటి నీటిలో కూడా పట్టు సడలకపోవడంలో ఉంది. ఇనుము, పటిక వంటివి భాస్వరం ఎక్కువగా ఉన్నప్పుడు బాగా పనిచేసి, లీటరుకు కొన్ని పదుల మైక్రోగ్రాముల స్థాయికి వచ్చేసరికి నీరసిస్తాయి; మందు మోతాదు పెంచుకుంటూ పోవలసి వస్తుంది. ఈ ప్రోటీను సహజంగా పనిచేసే స్థాయే అది. అమెరికాలో ఫ్లోరిడా ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలలకు పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. అంత తక్కువ స్థాయికి చివరి మెరుగు పెట్టవలసిన చోట, అదీ కొద్దిపాటి నీటికి, ఈ ఆలోచనకు భవిష్యత్తు ఉంది. మొత్తం ప్రోటీనుకు బదులు ఫాస్ఫేటును పట్టే చిన్న పెప్టైడ్ (కొద్ది అమైనో ఆమ్లాల గొలుసు) ముక్కను మాత్రమే అంటించే ప్రయత్నాలు కూడా సాగుతున్నాయి. బరువు తగ్గితే నా 4,700 లీటర్ల లెక్క కూడా ఆ మేరకు తగ్గుతుంది.

కొనాలా వద్దా అని అడిగేవారికి నా సమాధానం ఇది. శుద్ధి ప్లాంటు నడిపేవారు వద్దు. మీకు పటికే మిత్రుడు, స్థోమత ఉంటే స్ట్రువైటు. బయోకెమిస్ట్రీ, పర్యావరణ ఇంజినీరింగ్ చెప్పే కళాశాలలు ఒక సీసా తప్పక కొనవచ్చు. ఎంపిక, పట్టు, సామర్థ్యం అనే మూడు మాటలు మూడు వేర్వేరు సంగతులని విద్యార్థి చేతికి తెలియజెప్పడానికి ఇంతకంటే మంచి ప్రయోగం నాకు దొరకలేదు. తీసే పనికి అయిదుకు ఒకటిన్నర, ఏరే పనికి అయిదుకు అయిదు ఇస్తాను.

నాలాంటి పరీక్షశాలలకు దీనితో మరో ప్రయోజనం ఉంది, అది నేను కొన్నప్పుడు ఆలోచించనిది. భాస్వరం లీటరుకు 10 మైక్రోగ్రాముల దగ్గర ఉంటే మాలిబ్డేట్ నీలం కంటికి ఆనదు, యంత్రం కూడా తడబడుతుంది; పైగా బోరు నీళ్లలో ఉండే సిలికేటు, ఆర్సెనేట్ కూడా ఆ మందుతో నీలం తిరిగి లెక్కను చెడగొడతాయి. ఇప్పుడు అలాంటి నమూనా వస్తే ఒక లీటరు వడగట్టి, మూడు మిల్లీలీటర్ల పూసల గుండా నెమ్మదిగా దింపుతున్నాను. లెక్క ప్రకారం ఒక మిల్లీలీటరుకు కాస్త పైన సరిపోవాలి కానీ, ఇంత పలుచటి నీటిలో పూసలు పూర్తిగా నిండవు. ఆ తరువాత పది మిల్లీలీటర్ల క్షారంతో వదిలించి, తటస్థం చేసి, కొలిచి, వచ్చిన అంకెను వందతో భాగిస్తాను. ఒక లీటరు దిగడానికి దాదాపు ఒక పూట పడుతుంది, కనుక ఈ నమూనాలను పొద్దున్నే మొదలుపెడుతున్నాను.